ప్రకటనలు, పౌరుషము, ప్రజాగ్రహము

మన సంఘములు వెలువరించు సంచికలను చేతబట్టినవారు చివరి పుటలను సాధారణముగా చదువరు. అచ్చట బట్టలకొట్లు, నగల దుకాణములు, మిఠాయి అంగళ్లు, భోజనశాలలు తమ తమ ప్రకటనల నిచ్చియుండును. కాగితపు వెలయు, అచ్చుకూలియు చాలవరకు వానివలననే సమకూరుచుండును. ఇది క్రొత్త సంగతి కాదు. బొంబాయిలో 1893లో అమృతాంజనమును ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, ఆ వ్యాపారపు బలముతోనే 1908లో ఆ నగరముననే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. పరప్రాంతమున స్థిరపడిన తెలుగువారికి వ్యాపారమునకును భాషాసేవకును గల యీ సంబంధము సువిదితమే. కావున ప్రకటనలను నిందించుట మా యుద్దేశము కాదు.

అయితే ప్రకటన వస్తువును అమ్ముటతో ఊరకుండదు. దానిని కొనువాడు ఎట్టివాడై యుండవలెనో కూడ చెప్పుచుండును. తల్లి యన నిట్లుండవలెననియు, కోడలన నట్లుండవలెననియు, మగవాడన వీడేయనియు బొమ్మ గీసి చూపుచుండును. 2019 జనవరిలో అట్టి బొమ్మ యొకటి అమెరికాలో పెద్ద అలజడికి కారణమయ్యెను. గడ్డపు కత్తులను అమ్ము జిలెట్ సంస్థ పురుషులకు నీతి చెప్పబూనగా లక్షలమంది కోపించిరి. వారేల కోపించిరి? ఆ కోపమున న్యాయమెంత? దానిని తెలిసికొన్నందువలన మనకేమి ప్రయోజనము? ఈ ప్రశ్నలను ఇందు విచారింప దలచితిమి. మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదివి, షోలాపురమున ఒక కార్యాలయములో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారము. అయినను ఈ విషయము మా యింటి గడపను కూడ త్రొక్కినది గనుక వ్రాయ సాహసించితిమి.

ముందుగా ఆ సంస్థ పూర్వచరిత్రను కొంత తెలిసికొనుట యవసరము. కింగ్ క్యాంప్ జిలెట్ అను నాతడు 1901లో బోస్టన్ నగరమున దీనిని స్థాపించెను. అరిగిన అలుగును పారవేసి క్రొత్తదానిని తొడుగుకొను కత్తికి 1904లో పేటెంటు లభించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము తన సైనికులకొరకు 35 లక్షల కత్తులను ఈ సంస్థకు పురమాయించెను. యుద్ధమునుండి మరలివచ్చిన యువకులు ఇంటనే గడ్డము గీసికొను అలవాటును వెంటదెచ్చుకొనిరి. ఇంతకుమున్ను 1915లోనే ఆ సంస్థ స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక కత్తిని తయారుచేసి, చంకలయందలి రోమములు సిగ్గుపడదగినవని వారికి బోధించి యుండెను. ఇట్లు శరీరమును గూర్చియు, మర్యాదను గూర్చియు జనులకు పాఠములు చెప్పుట ఆ సంస్థకు 2019లో క్రొత్తగా అబ్బిన విద్య కాదు.

1989లో ఆ సంస్థ ఒక నినాదమును ఎత్తుకొనెను. పురుషుడు పొందగలిగిన వానిలో శ్రేష్ఠమైనది ఇదియే యని దాని భావము. ఆ ప్రకటనలలో దృఢకాయులైన యువకులు, ఆటలలో గెలిచినవారు, పెండ్లికొడుకులు, పసిబిడ్డను ఎత్తుకొన్న తండ్రులు కనబడుచుండిరి. ఆ వాక్యము ఇంచుమించు ముప్పది యేండ్లు సాగెను. అదియును పురుషుడెట్లుండవలెనో చెప్పు బోధయే గదా! అయినను, మాకు మగతనమును నేర్పుటకు నీవెవ్వడవని సాధారణముగా ఎవ్వరును అడుగలేదు.

ఇంతకంటె విచిత్రమైనది మార్ల్‌బరో సిగరెట్టు కథ. 1924లో అది ఆడువారికి తగిన మెత్తని సిగరెట్టుగా అంగడికి వచ్చెను. 1954, 55 ప్రాంతమున షికాగో నగరపు లియో బర్నెట్ ప్రకటనసంస్థ దానికి వేషము మార్చెను. గుర్రముమీద పశువులను తోలు రౌతు నోట ఆ సిగరెట్టు కనబడినది మొదలు అది మగవారి సరకైపోయెను. అమ్మకములు అమితముగా పెరిగెను. ఆకు అదే, పొగ అదే, మారినది బొమ్మ మాత్రమే. ఆ రౌతు వేషమును ధరించినవారిలోనే కొందరు పొగత్రాగుటవలన కలిగిన వ్యాధులతో మరణించిరి. 1971 జనవరి 2వ తేదీనుండి అమెరికాలో రేడియో, టెలివిజనులలో సిగరెట్టు ప్రకటనలను చట్టము నిషేధించెను. ఆ నిషేధము ఆరోగ్యమును బట్టి వచ్చినది. రౌతు బొమ్మ మగవారిని అవమానించుచున్నదని మాత్రము మగవారు వీధికెక్కలేదు. ముఖస్తుతి చేయు ప్రకటన మనకు బోధవలె తోచదు. మందలించు ప్రకటన తోచును. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొందురుగాక.

ఇక 2019 నాటి ప్రకటనకు వత్తము. దాని నిడివి రెండు నిమిషములకు లోపు. దర్శకురాలు కిమ్ గేరిగ్ అను మహిళ. 2017 అక్టోబరునుండి స్త్రీలు తమపై జరిగిన అత్యాచారములను బహిరంగముగా చెప్పుకొన్న ఉద్యమము అప్పటికింకను చల్లారలేదు. ప్రకటన ఆరంభమున కొందరు పురుషులు అద్దములలో తమ ముఖములను చూచుకొనుచుందురు. అనంతరము బలహీనుడైన బాలుని తరుముచున్న పిల్లలగుంపు, సభలో స్త్రీ మాటను త్రుంచి తాను మాటలాడు అధికారి, వినోదము పేర స్త్రీని తాకుచున్న పాతకాలపు హాస్యదృశ్యము కనబడును. వరుసగా నిలుచుండి మాంసము కాల్చుచున్న తండ్రులు, కొట్టుకొనుచున్న పిల్లలను చూచి, మగపిల్లలన్న తరువాత ఇంతేయని ఒకే మాట వల్లించుచుందురు. అటుపిమ్మట కొందరు పురుషులు ముందుకు వచ్చి అట్టివానిని ఆపుదురు. ఒకడు వీధిలో స్త్రీ వెంటబడబోవు మిత్రుని నిలువరించును. ఒక తండ్రి పోట్లాటను విడదీయును. నేటి బాలురు రేపటి పురుషులనియు, వారు మనలను చూచుచున్నారనియు ముగింపు. పాత నినాదము కూడ మారినది. శ్రేష్ఠమైనదానిని పొందుట పోయి, శ్రేష్ఠులగుట వచ్చినది. బాలుర శ్రేయస్సునకు పాటుబడు సంస్థలకు ఏటేట పది లక్షల డాలర్ల చొప్పున మూడేండ్లు ఇత్తుమని కూడ ప్రకటించిరి.

యూట్యూబున దానిని చూచినవారిలో మెచ్చినవారికంటె నిరసించినవారే అధికులైరి. నిరసనల లెక్క పది లక్షలు దాటెను. ఇంగ్లండు టెలివిజను వ్యాఖ్యాత పియర్స్ మోర్గన్ దానిని తీవ్రముగా ఖండించెను. కొందరు తమ కత్తులను చెత్తబుట్టలో వైచి ఆ దృశ్యములను లోకమునకు చూపిరి. సమర్థించినవారును లేకపోలేదు. మార్టిన్ లూథర్ కింగ్ కుమార్తె బెర్నీస్ కింగ్, ఇది పురుషద్వేషము కాదనియు, మానవత్వ పక్షమనియు పలికెను.

కోపించినవారి మాటలను విడదీసి చూడగా మూడు విధములుగా కనబడును. మొదటివారు, కొందరు చేసిన తప్పునకు అందరిని దోషులుగా నిలిపినారనిరి. ఇందు కొంత సత్యము కలదు. కొందరు పురుషులు ఇప్పటికే సన్మార్గమున నున్నారని ప్రకటన చెప్పినను, చూపిన దృశ్యములలో సగము దోషులవే. ఉదయముననే లేచి, గడ్డము గీసికొని, పనికి పోయి, జీతమును ఇంట నిచ్చు సామాన్యుడు, నన్నేల బోనులో నిలిపితిరి అని అడిగినచో తప్పు పట్టజాలము.

రెండవవారు చెప్పువాని యోగ్యతను ప్రశ్నించిరి. స్త్రీల పక్షమున మాటలాడు వ్యాపారులు అదే తరగతి వస్తువును స్త్రీలకు ఎక్కువ వెలకు అమ్ముట లేదా యని వారి ఆక్షేపణ. న్యూయార్కు నగరపు వినియోగదారుల వ్యవహారశాఖ 2015లో ప్రకటించిన పరిశీలనలో, స్త్రీల వస్తువులు పురుషుల వస్తువులకంటె సగటున నూటికి 7 పాళ్లు అధికవెల కలిగియున్నట్లు తేలెను. గురివిందగింజ తన నలుపెరుగదను సామెత ఇందులకు చెల్లును.

మూడవవారికి చెప్పిన మాటయే గిట్టలేదు. అది నిజమని వారికి లోలోపల తెలియును. నలుగురియెదుట చెప్పుటయే వారి కోపమునకు కారణము. మొగుడు కొట్టినందుకు గాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినదను సామెత మన యిండ్లలో అందరును ఎరుగుదురు. పరుల నవ్వు దెబ్బకంటె నొప్పించునని చెప్పుటకు దానిని వాడుదుము. అయితే మొగుడు కొట్టుటను గూర్చి ఆ సామెతకు ఏ అభ్యంతరమును లేకపోవుటను మేము అరువదియేండ్లు దాటినపిదప గాని గమనింపలేదు.

తరువాతి కథను కూడ చెప్పవలెను. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ 2005లో జిలెట్‌ను సుమారు 5,700 కోట్ల డాలర్లకు కొనియుండెను. 2019 జులైలో ఆ యాస్తి విలువను సుమారు 800 కోట్ల డాలర్లు తగ్గించి ఖాతాలలో వ్రాసికొనెను. పురుషుల ఆగ్రహమే సంస్థను ముంచినదని కొందరు జయఘోష చేసిరి. లెక్కలు వ్రాసి బ్రతికినవారము గనుక ఈ సందర్భమున ఒక మాట చెప్పుదుము. కొన్నప్పటి వెల నేటి విలువకంటె హెచ్చుగా నున్నచో ఆ హెచ్చును ఖాతాలో కొట్టివేయుదురు. అది ఆ నెలలో పెట్టెనుండి పోయిన రొక్కము కాదు. విదేశీ నాణెముల మారకపు ధరలు, తక్కువవెలకు కత్తులనమ్ము క్రొత్త పోటీదారులు, గడ్డము పెంచు అలవాటు అధికమై క్షౌరము తగ్గుట అనునవి కారణములని సంస్థ చెప్పెను. ఇవి యొక్క ప్రకటనతో పుట్టినవి కావు. కోపించినవారు తమ కోపమునకు లేని బలమును అంటగట్టుకొనిరనియే మా యభిప్రాయము.

ప్రకటనలపై పురుషులు కోపించిన ప్రతి సందర్భమును అహంకారమనరాదు. 2012లో అమెరికాలో హగ్గీస్ అను పసిపిల్లల గుడ్డల ప్రకటనలో బిడ్డలను కొన్ని దినములు తండ్రులకు వదలి, ఆ గుడ్డలకు ఇంతకుమించిన పరీక్ష లేదన్నట్లు చూపిరి. తండ్రి చేతకానివాడని దాని ధ్వని. బిడ్డలను స్వయముగా పెంచుచున్న తండ్రులు మర్యాదగా విజ్ఞప్తి చేయగా సంస్థ తన ప్రకటనలను మార్చుకొనెను. ఇంగ్లండులో 2019 జూన్ 14నుండి స్త్రీపురుషులను హానికరమగు మూసలలో పోసి చూపరాదను నియమము అమలులోనికి వచ్చెను. ఆ యాగస్టులోనే, తిండి ధ్యాసలోబడి బిడ్డలను మరచిన తండ్రులను చూపిన ఫిలడెల్ఫియా జున్ను ప్రకటనను నిషేధించిరి. మేము నీవనుకొన్నంత చేతకానివారము కాము అని తండ్రులు పలికిన కోపము బాధ్యతను కోరిన కోపము. దానిని మేము గౌరవింతుము.

మన దేశమున 2022 జూన్‌లో పుట్టిన ఆగ్రహము వేరొక దిక్కునుండి వచ్చినది. లేయర్ షాట్ అను పరిమళపు ప్రకటనలలో ఒంటరి స్త్రీయెదుట నలుగురు యువకులు ద్వంద్వార్థములతో మాటలాడుదురు. ఆమె భయపడును. తీరా చూడగా వారు మాటలాడినది సీసాను గూర్చియట! స్త్రీలు, పురుషులు అనేకులు మండిపడిరి. ఆ ప్రకటనలను తొలగింపుడని కేంద్రసమాచార ప్రసారశాఖ జూన్ 4న ఆదేశించెను. సంస్థ క్షమాపణ కోరెను. జిలెట్ ప్రకటన వలదన్న నడవడినే ఈ ప్రకటన వేడుకగా చూపినది. ఆగ్రహము రెండింటిపైనను వచ్చినది. కావున ప్రజలు కోపించిరను మాటతో విచారణ ముగియదు. దేనికి కోపించిరో చూడవలెను.

ఇక అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది ఒకటి కలదు. జిలెట్‌కు యజమానియైన ఆ సంస్థయే ఏరియల్ అను సబ్బుపొడిని కూడ తయారుచేయుచున్నది. మన దేశమున 2015నుండి ఆ సబ్బుపొడి ప్రకటనలు, ఇంటి బట్టలుతుకుట ఆడదాని పని మాత్రమేనా యని అడుగుచు వచ్చెను. 2016 నాటి చిత్రములో ఒక వృద్ధుడు కూతురింటికి పోవును. ఆమె ఉద్యోగమునుండి వచ్చి, ఫోనులో పనిమాటలు చెప్పుచు, వంట చేయుచు, బిడ్డను చూచుచు, బట్టలు యంత్రములో వేయుచుండును. అల్లుడు కదలడు. ఆ తండ్రి కూతురికి జాబు వ్రాయును. నీ తల్లికి నేనెన్నడును సాయపడలేదు, నన్ను చూచి నీవు నేర్చుకొంటివి, క్షమింపుమని దాని భావము. పిమ్మట ఇల్లు చేరి తన బట్టలను తానే యంత్రములో వేయబోవును. ఈ చిత్రమునకు దేశవిదేశములలో ఆదరణ లభించెను. ఫేస్‌బుక్ సంస్థలో ఉన్నతపదవిలోనుండిన షెరిల్ శాండ్‌బర్గ్ దానిని మెచ్చి లోకమునకు చూపెను. 2019లో జిలెట్ సంస్థయే మన దేశమున, ఉత్తరప్రదేశములోని బన్వారీ టోలా గ్రామమున జబ్బుపడిన తండ్రి క్షౌరశాలను నడిపిన అక్కచెల్లెండ్ర కథను చిత్రించినపుడును ఆదరణయే కలిగెను. క్షౌరము ఆడపిల్ల చేయవచ్చునా యని అడిగిన కొడుకునకు, చేయి ఎవరిదో కత్తికేమి తెలియునని తండ్రి బదులుచెప్పును.

యజమాని యొకడే. అమ్ముకొను ఉద్దేశమును ఒకటే. మరి ఆదరణలో ఇంత భేదమేల? దేశకాలముల భేదము కొంత యుండవచ్చును. మాకు తోచిన ప్రధానకారణమిది. అమెరికా ప్రకటన, మీరు మారుడని చెప్పినది. ఏరియల్ చిత్రములోని ముసలివాడు, నేను తప్పు చేసితిననెను. అతడెవరిని వ్రేలెత్తి చూపలేదు. చూచువాడే తన యింటిని తలచుకొనెను.

మన పెద్దలలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించినపుడు ఎదుర్కొన్న ఆగ్రహము ఇంతకు పదిరెట్లు కఠినమైనది. వెలి, నింద, బంధువుల దూరము అన్నియు ఆ దంపతులు భరించిరి. వారు ఏ వస్తువును అమ్ముకొనలేదు. చెప్పినదానికి మూల్యమును తమ యింటనే చెల్లించిరి. అందువలననే నూరేండ్లు దాటినను వారి మాట నిలిచినది. వ్యాపారి నీతిని అట్టి తూనికతో తూచినచో తేలిపోవుట సహజము. అయినను వ్యాపారి చెప్పినంతమాత్రమున నిజము అబద్ధము కాదు.

ఇచట మా యింటి సంగతి చెప్పవలసియున్నది. మా తాతగారు కరీంనగరు ప్రాంతమునుండి మగ్గపు పనికై షోలాపురము చేరిరి. మిల్లులు మూతపడినపిదప ఇచ్చటి తెలుగు వాడలలో అనేక కుటుంబములను నిలిపినది ఆడువారు చుట్టిన బీడీలే. వేయి బీడీలకింతయని కూలి. మా జీతము చాలనపుడు మా గృహిణియు చాట ముందు పెట్టుకొని బీడీలు చుట్టెను. మా కుమారుడు పండ్రెండేండ్లవాడై యుండగా, బడినుండి వచ్చి, తల్లి ప్రక్కన కూర్చుండి తునికాకు కత్తిరించుచుండెను. ఒకనాడు పొరుగువాడు వాకిట నిలిచి చూచి, కొడుకును కన్నవా, బిడ్డను కన్నవా యని నవ్వెను. మా వాడుకలో బిడ్డ యనిన కూతురు. మేము వెంటనే లేచి, కుమారుని చేతినుండి కత్తెర లాగికొని, వీధిలోనికి పోయి ఆడుకొనుమని తోలితిమి. వాడు మరల ఆ చాట దగ్గర కూర్చుండలేదు. ఆ సాయంకాలము మా గృహిణి చుట్టవలసిన లెక్క దీపములు పెట్టినపిదప చాలసేపటికి గాని పూర్తికాలేదు. మేమప్పుడు ఏమి చేయుచుంటిమో మాకు జ్ఞాపకము లేదు. ఏమియు చేయుచుండమనియే దాని అర్థము.

2016లో దసరాకు పుణెనుండి వచ్చిన కుమారుడు ఆ సబ్బుపొడి చిత్రమును తన ఫోనులో మా యిద్దరికి చూపెను. వ్యాఖ్యయేమియు చేయలేదు. చిత్రము ముగిసినపిదప మా గృహిణి, “వాడు ఆకు మంచిగ కత్తిరిస్తుండె. మీరే లేపి తోలితిరి” అని మాత్రము అనెను. ఇరువదియేండ్లకు పైగా ఆమె ఆ మాటను దాచియుంచినదని మాకప్పుడు తెలిసెను. మాకును కోపము వచ్చినది. ఒక సబ్బుపొడి అమ్మువాడు మా యింట తగవు పెట్టుటా యని అంటిమి గూడ. అమెరికాలో కత్తులు పారవైచినవారికిని మాకును ఆ క్షణమున భేదము లేదు. ఆ కోపము ప్రకటనమీదిది కాదని తెలియుటకు కొన్ని దినములు పట్టినది.

పౌరుషమను మాటకు మన నిఘంటువులలో మానవప్రయత్నమను అర్థము కూడ కలదు. దైవమును నమ్మి ఊరకుండక తన చేతులతో చేయుట పౌరుషమని పెద్దల మాట. ఆ యర్థమున చూచినచో, మా యింట ఆ సాయంకాలము పౌరుషము చూపినది కత్తెర పట్టిన బాలుడును, చాట ముందు కూర్చున్న ఆతని తల్లియును. మీసము మీద చేయివేసినవారము మేము మాత్రమే.

పాఠకులకు ఒక చిన్న మనవి. మన సంఘముల ఉగాది విందులలో నేటికిని పలుచోట్ల మొదటి పంక్తిలో మగవారు కూర్చుందురు, ఆడువారు వడ్డింతురు. అందరును తిన్నపిదప మిగిలినది వారికి. వచ్చు ఉగాదికి మొదటి పంక్తిలో వారిని కూర్చుండబెట్టి మనము వడ్డింతము. నవ్వువారు నవ్వుదురు. మంచినీళ్ల కూజాను ఎత్తుకొనుటకు మా పేరును ఇప్పుడే వ్రాసికొనవలసినదని కార్యదర్శిగారిని కోరుచున్నాము.